పాయిఖానాల పనితనము

లండను నగరమందలి పికడిలీ వీథిలో జోసెఫ్ బ్రామా అను యంత్రశిల్పి పేర వెలసిన అంగడి కిటికీలో ఒక తాళము సుమారు అరువది యేండ్లు వ్రేలాడుచుండెను. తాళపుచెవి లేకయే దానిని తెరువగల నేర్పరికి 200 గినీలు బహుమానమని ప్రక్కనే ఒక ప్రకటన. 1851లో, హైడ్ పార్కునందలి స్ఫటికసౌధములో మహాప్రదర్శనము జరుగుచున్న దినములలో, ఆల్ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికా తాళపుపనివాడు 16 దినములలో 51 గంటలు దానితో కుస్తీపట్టి, తుదకు తెరచి, ఆ ద్రవ్యమును గొనిపోయెను. ఊరెల్ల ఆ ముచ్చటయే. అయితే బ్రామాకు తొలుత అన్నము పెట్టినది తాళము గాదు, మరుగుదొడ్డి. యార్కుషైరులో రైతుకుటుంబమున 1748లో పుట్టి, కాలు దెబ్బతిని పొలముపనికి దూరమై, వడ్రంగము నేర్చి లండను చేరి, కలవారి యిండ్లలో నీటిపాయిఖానాలు బిగించుచు, బిగించునప్పుడెల్ల వాని లోపములను కనిపెట్టుచు, 1778లో తానే మెరుగైన దానినొకటి కల్పించి పేటెంటు పుచ్చుకొనెను. 1797 నాటికి అట్టివి ఆరువేలు చేసితినని చెప్పుకొనెను. ఆ నడుమనే నీటి ఒత్తిడిచే పనిచేయు ప్రెస్సును కనిపెట్టి యంత్రశాస్త్రచరిత్రలో శాశ్వతస్థానము సంపాదించెను. చరిత్రకారులు ఆయన తాళమును మెచ్చుకొందురు, ప్రెస్సును మెచ్చుకొందురు, మూడవదాని కడకు వచ్చునప్పటికి ముక్కు మూసికొని దాటిపోదురు. వారు దాటిపోయిన యా వస్తువుపై నూరేండ్లకు మించి కుమ్మరులును, కంచరులును, సీసపుపనివారును వెచ్చించిన నేర్పు సామాన్యము కాదు కనుక, దాని యెదుట కొంతసేపు నిలువదలచితిని.

బ్రామాకు మూడేండ్లు ముందుగా, 1775లో, ఈ వస్తువునకు ఇంగ్లండున తొలి పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ కమింగ్. ఈయన గడియారముల పనివాడు. గాలి బరువు హెచ్చుతగ్గులను తనంతట తానే కాగితముపై గీచి చూపు గడియారము నొకదానిని 1765లో మూడవ జార్జిరాజునకు చేసియిచ్చిన ప్రజ్ఞాశాలి. అంతటి సూక్ష్మశిల్పి పాయిఖానా జోలికేల పోయెనని కొందరికి తోచవచ్చును గాని, ఆ పనికి అట్టివాడే కావలసియుండెను. ఏలయన, కేవలము నీరు పోసి మలినమును త్రోసివేయు ఉపాయము అంతకు ఇంచుమించు నూటయెనుబది యేండ్ల క్రిందటనే తెలిసినదే. సర్ జాన్ హారింగ్టన్ అను కవి 1596లో తొట్టియు కవాటమును గల పాయిఖానాను వర్ణించుచు పరిహాసగ్రంథ మొకటి వ్రాసి, అట్టిదానిని తన యింట కట్టించుకొని, ఎలిజబెత్ రాణికిని రిచ్మండు ప్రాసాదమున నొకటి అమర్చెను. జనులు నవ్వుకొనిరే గాని అనుసరింపలేదు. నిరంతరముగా నీరు వచ్చు గొట్టము గాని, పోవు కాలువ గాని లేని పట్టణమున అట్టి యంత్రము రాజుల విలాసముగానే మిగిలినది. అంతేకాక, పాత్రకును క్రిందిగుంటకును నడుమ గాలిని నిలుపు అడ్డేమియు లేదు. పాత్ర యెంత శుభ్రముగా నున్నను గుంటలోని కంపు గొట్టము వెంబడి గదిలోనికి ఎక్కివచ్చుచునే యుండును. కమింగ్ గావించిన దొక్కటే: పాత్రక్రింది గొట్టమును ఎస్ అక్షరపు ఆకారమున వంచెను. నీరు పోసినప్పుడెల్ల ఆ వంపులో కొంత నీరు మిగిలిపోవును. ఆ మిగిలిన గుక్కెడు నీరే తలుపు. మలినము దానిని దాటి పోగలదు, దుర్వాయువు దాటి రాలేదు. గడియ లేదు, కీలు లేదు, అరిగిపోవునది లేదు. నేడు మన యింటి వాష్‌బేసిను క్రింద చేయిపెట్టి తడిమి చూచినను ఆ వంపే తగులును. కమింగ్ పాత్ర అడుగున ఉంచిన జారుపలక మాత్రము చలికి బిగిసి, మురికి పట్టి, మొరాయించుచుండెను. బ్రామా దానిని తొలగించి కీలుపై తిరుగు మూతను పెట్టెను. ఆ మార్పుతో వస్తువు వాడుకకు వచ్చినది.

ఇచట ఒక విచిత్రము కలదు. ఆ కాలపు వైద్యులు, పురపాలకులు, పాయిఖానాలు చేసినవారు చాలమంది రోగములు కంపువలననే పుట్టునని నమ్మిరి. కలరా, విషజ్వరము మొదలగు సమస్తమును మురుగునుండి లేచు దుష్టవాయువు తెచ్చిపెట్టునదే యని వారి సిద్ధాంతము. అది పొరపాటు. 1854లో జాన్ స్నో అను వైద్యుడు లండను సోహో ప్రాంతమున బ్రాడ్ స్ట్రీటు చేతిపంపు నీటినుండి కలరా వ్యాపించుచున్నదని నిదర్శనములతో చూపినను పెద్దలు పెడచెవిని పెట్టిరి. రాబర్టు కోచ్ కలకత్తాకు వచ్చి ఆ వ్యాధిబీజమును రూఢిగా చూపునప్పటికి 1884 వచ్చినది. అయినను ఆ తప్పుసిద్ధాంతమే శిల్పులచేత సరియైన పని చేయించినది. కంపును ఆపవలెనన్న పట్టుదలతో వారు ప్రతి అతుకును గాలి చొరకుండ బిగించిరి. గాలి చొరని చోట నీరును కారదు, నీరు కారని చోట మలినము బావిలో కలియదు. శాస్త్రము తప్పినచోట పనితనము ఒప్పినదని నాకు తోచును; అయితే అది అన్నిచోట్లను ఒప్పలేదు.

ఒప్పనిచోటు థేమ్సు నది. 1815 వరకు ఇంటి మలినమును వీథికాలువలలోనికి వదలుట లండనున నిషిద్ధము. అవి వాననీటికై కట్టినవి. ఇంటిక్రింద గుంటలు ఉండెడివి, రాత్రివేళ బండ్లతో వచ్చి తోడుకొనిపోవు పనివారుండెడివారు, ఆ యెరువును పొలములకు అమ్మెడివారు. నీటిపాయిఖానాలు పెరిగిన కొలది ప్రతి పర్యాయమును గుంటలోనికి గ్యాలన్లకొలది నీరు దిగి, గుంటలు పొరలి, ఆ పాతపద్ధతి తలక్రిందులయ్యెను. 1848 ప్రాంతమున గుంటలను పూడ్పించి ఇండ్ల నన్నిటిని కాలువలకు కలుపుడని శాసించిరి. కాలువలన్నియు థేమ్సునకు పోవును. ఆ థేమ్సు నీటినే కుళాయిల వారు ఇండ్లకు పంపుదురు. ఇంటింట గాలిని అరికట్టిన ఆ చిత్రమైన వంపు, ఊరి మలిన మంతటిని ఊరు త్రాగు నీటిలో కలిపివేసెను. 1848, 49 సంవత్సరముల కలరాలో లండనున 14,000 మందికి పైగా చనిపోయిరి. 1858 వేసవిలో నది కంపు భరింపరానిదై పార్లమెంటు భవనపు తెరలను సున్నపుక్లోరైడులో తడిపి వ్రేలాడగట్టవలసి వచ్చెను. సభ్యుల ముక్కులకు సోకిన వెంటనే ధనము మంజూరైనది. జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు నదికి సమాంతరముగా 82 మైళ్ళ పెద్దతూములు కట్టి మురుగును నగరమునకు దిగువకు మళ్ళించెను. మన హైదరాబాదునకు ఇట్టి బుద్ధి మూసీనది నేర్పినది: 1908 వరదల పిమ్మట రప్పింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదకు అడ్డుకట్టలతో పాటు భూమిలోపలి మురుగుకాలువల పథకమును గూడ సిద్ధపరచెను. ఇంగ్లండున మలినము మోసినవాడు రాత్రిపూట పనిచేసి మంచి కూలి పుచ్చుకొన్న పనివాడు. మనదేశమున ఆ పనిని పుట్టుకతో కొందరి నెత్తిన పెట్టి, పాకీవారని పేరు పెట్టి దూరముగా నిలిపితిమి. 1993లో ఒకమారు, 2013లో మరియొకమారు దానిని మాన్పుటకు చట్టములు చేయవలసి వచ్చినది. ఈ మాట చెప్పక పాయిఖానాల చరిత్రను మనభాషలో వ్రాయుట సత్యమును దాచుటయే యగును.

మరల 1851కి. స్ఫటికసౌధమునకు ఆ సంవత్సరము అరువదిలక్షల పర్యాయములు జనులు వచ్చిరి. అంతమంది వచ్చుచోట శౌచమునకు ఏర్పాటుండవలెనని పట్టుపట్టి, తన సొంత నమూనాలను అందు అమర్చినవాడు జార్జి జెన్నింగ్స్. మూత్రశాలలకు రుసుము లేదు. మిగిలినవానికి ఒక పెన్నీ. అట్లు పెన్నీ చెల్లించినవారు 8,27,280 మందియని ప్రదర్శనపు నివేదికలో లెక్క తేల్చిరి. ఊరిలో నడిబజారున ఇల్లువిడిచిన మనుష్యునకు ఇట్టి అవసరము కలుగునను సంగతిని ప్రభుత్వము తొలిసారి అంకెలలో చూచినది అప్పుడే. ప్రదర్శనము ముగిసి భవనమును సిడెన్హామునకు తరలించునప్పుడు, అచటి అధికారులు ఈ గదులను మూసివేయదలచిరట. జెన్నింగ్స్ వాదించి నిలుపుకొనెను, అవి ఏటేట మంచి రాబడి తెచ్చినవి. క్రిమియా యుద్ధకాలమున స్కుటారి ఆసుపత్రి శుభ్రతకై పంపబడినవారిలోను ఆయన కలడు. పేరు చెప్పుట కిష్టపడని పనికి తన జీవితము నర్పించి, దానినిగూర్చి గట్టిగా మాటలాడగలిగిన యిట్టివాడు ఆ తరములో మరియొకడు కనబడడు.

పాత్రను గూర్చి, తొట్టిని గూర్చి చెప్పువారు కలరు గాని వాని నడుమ నున్న గొట్టమును గూర్చి చెప్పువారు తక్కువ. నా మట్టుకు ఈ కళ కంతటికి శిరోమణి సీసపుగొట్టముల అతుకే. పందొమ్మిదవ శతాబ్ది ఇంగ్లండున ప్లంబరనగా సీసపుపనివాడు. ఇంటికప్పుపై రేకు పరచువాడును, నీటితొట్టికి లోపలి పూత వేయువాడును, గొట్టము లతుకువాడును అతడే. ఆ వృత్తిసంఘము లండనున 1365 నాటికే నియమములు వ్రాసికొని, 1611లో రాజపట్టా పొందినది. రెండు సీసపుగొట్టములను అతుకవలెనన్న, ఒకదాని అంచును బొంగరపుకొయ్యతో సాగదీసి వెడల్పుచేసి, రెండవదానిని కోసుగా చెక్కి దానిలో దూర్చుదురు. అతుకు నిలువవలసిన మేరకు సీసపు పైపొరను గీకి మెరుగు తెచ్చి, గాలి సోకి మరల మసకబారకుండ వెంటనే పశువుకొవ్వు రాతురు. ఆ మేరకు అవతల దీపపుమసిని జిగురులో కలిపి పూయుదురు; టంకము మసిపై అంటదు గనుక అతుకు అంచు దారము పట్టి గీచినట్లు తీరుగా వచ్చును. పిమ్మట గరిటెతో కరగిన టంకమును అతుకుపై పోయుచు, క్రింద గుడ్డపట్టి దానిని జారిపోనీయక, చుట్టును త్రిప్పి తుడుతురు.

ఈ తుడుచుటలోనే రహస్యమంతయు నున్నది. సీసము రెండుపాళ్ళు, తగరము ఒకపాలు కలిపిన ప్లంబరు టంకము చల్లారునప్పుడు ఒక్కసారిగా గట్టిపడదు. సుమారు 250 సెంటిగ్రేడు డిగ్రీలనుండి 183 డిగ్రీలవరకు ద్రవమును గాక ఘనమును గాక మిఠాయిపాకము వలె మెత్తగా నిలిచియుండును. ఆ కొద్ది వ్యవధిలో చేతిగుడ్డతో దానికి రూపము రావలెను. గొట్టపు సీసము 327 డిగ్రీలకు కరగును. కావున వేడి తగ్గినచో టంకము అంటదు, కొంచెము హెచ్చినచో గొట్టమే కరగి చేతిలో పడును. కొలుచుటకు పరికరమేమియు లేదు; గరిటెలో ఒక కాగితపుముక్కను ముంచి అది కమిలిన రంగును చూచి వేడి తెలిసికొనుటయే. ఇట్లు తుడిచిన అతుకు నడుమ ఉబ్బి, రెండు ప్రక్కలకు సన్నగిలి, చేతిగీత యొక్కటియు లేక నున్నగా నుండును. అట్టి అతుకులు గోడలోపల, నేలక్రింద, చెక్కపెట్టెల వెనుక, ఎవ్వరును చూడనిచోట్ల వేలకొలది ఉన్నవి. వానిని చేసినవారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. తమ చేతులలో ఏండ్లతరబడి ఆడిన సీసము వారి నరములను క్షీణింపజేసినదనుటయు, ఆ గొట్టములలో నిలిచిన నీరు త్రాగినవారికిని అది మంచిది కాదనుటయు ఈ మెప్పుతో పాటే చెప్పవలసిన మాటలు.

అందరును ఇట్టి నేర్పరులే యనుకొనరాదు. 1871లో యువరాజు ఎడ్వర్డు స్కార్బరోలో ఒక ప్రభువింట అతిథిగా నుండి విషజ్వరము పాలై బ్రతికి బయటపడెను. అతనితో కూడ బసచేసిన చెస్టర్ఫీల్డు ప్రభువును, ఒక సేవకుడును మరణించిరి. ఇంటి మురుగే కారణమని లోకము తలచెను. అంతటితో దేశమునందలి గొప్పయిండ్లవారందరు నేలలు త్రవ్వించి గొట్టములు చూచుకొనిరి, చూచుకొని దిగులుపడిరి. ఆ దశకమున స్టీవెన్స్ హెల్లియర్ అను ప్లంబరు 1877లో తన వృత్తిని గూర్చి గ్రంథము ప్రకటించి, పనివారికి ఉపన్యాసములిచ్చి, రాగిచిప్పతో చేసిన పాత పాయిఖానాలను నిర్దాక్షిణ్యముగా ఖండించెను. ఆ చిప్ప తలక్రిందులై మలినమును క్రింది ఇనుపపాత్రలో వేయును. ఆ ఇనుపపాత్ర లోపలిభాగము ఏ నీటికిని అందక, ఎన్నడును కడుగబడక, దశాబ్దములు కంపుకొట్టుచుండును. వెల తక్కువ గనుక గృహస్థులు దానినే కొనిరి. పైకి శుభ్రము, లోపల రోత. 1886లో పైని చెప్పిన వృత్తిసంఘమువారు ప్లంబర్లను పరీక్షించి పేర్లు నమోదు చేయ నారంభించినది ఈ గందరగోళము చూచియే.

అప్పటివరకు పాయిఖానా యనగా మహాగనిచెక్క పెట్టెలో దాచిన యంత్రము. పెట్టెలో చెమ్మ నిలుచును, కారిన నీరు కనబడదు. హాన్లీ పట్టణపు కుమ్మరివంశమువాడు థామస్ విలియం ట్వైఫర్డు 1883లో యూనిటాస్ అను పేర పాత్రయు, వంపును, పీఠమును ఒకే మట్టిముద్దగా, కీళ్ళు కవాటములు లేక, నలువైపుల కనబడునట్లు నిలిపెను. దీనికి పెట్టె అక్కరలేదు. పెట్టె పోవుటతో పాత్ర బయటపడినది. బయటపడిన వస్తువునకు అలంకారము కావలసి వచ్చినది. ఈ కార్యకారణమును గమనింపని వారే విక్టోరియాకాలపువారికి పాయిఖానాలపై పూలు వేయు పిచ్చియేమని నవ్వుదురు. రాగిరేకుపై చెక్కిన పూలతీగను నీలిరంగుతో పలుచని కాగితముపై అద్ది, ఒకసారి కాల్చిన పాత్ర లోపల ఆ కాగితమును అంటించి గట్టిగా రుద్ది, కాగితమును నీట కడిగివేసి, పైన గాజుపూత పోసి మరల కాల్చుదురు. ఆ నీలిరంగు గాజుక్రింద నుండుటచేత నూటయిరువది యేండ్లు రోజూ కడిగినను చెరగదు. కొన్ని పీఠములు సింహములు, కొన్ని ఆకులచుట్టలు. డాల్ఫిన్ అను నమూనాలో పాత్రను మోయుచున్నది ఆ జలజంతువే.

అలంకారము మాట యట్లుండగా, రూపము తేవలెనన్నను కుమ్మరికి ఇది సామాన్యమైన కుండ గాదు. చక్రముపై ఎక్కదు. అనేకఖండములైన సుద్దమూసలలో మట్టిపలకలను చేతితో అదిమి, ఖండములను పల్చని మట్టితో అతికి, వంపు లోపలికి చేయిదూర్చి అతుకును నునుపు చేయవలెను. ఆరుటలోను కాలుటలోను మట్టి పదింట ఒకవంతు కుంచించుకొనును; పలుచనిచోట త్వరగా, మందమైనచోట ఆలస్యముగా. ఎక్కడనైన తేడా వచ్చిన ఆవములోనే పగులును. ఇంత వంకరయైన రూపమును ఏమాత్రమును ఒరుగకుండ, నీటిమట్టము సరిగా నిలుచునట్లు తీయుట స్టాఫర్డుషైరు కుమ్మరుల గొప్ప. లాంగ్టనునందలి గ్లాడ్స్టన్ కుమ్మరిశాల ప్రదర్శనశాలలో ఈ వస్తువుల కొరకే ఒక భాగము కేటాయించియున్నారు. సీసాల ఆకారపు ఆవముల నీడలో వానిని చూచినవానికి ఈ మాట బోధపడును.

ఇట్టి పీఠపాత్ర పనిచేయునని రుజువేమి? 1884లో లండనున జరిగిన ఆరోగ్యప్రదర్శనములో పోటీ పెట్టిరి. రెండుగ్యాలన్ల నీరు ఒక్కసారి వదలినంతట జెన్నింగ్స్ సంస్థవారి పీఠపాత్ర ఒకటింబావు అంగుళపు సగటువ్యాసము గల ఆపిలుపండ్లు పదింటిని, నాలుగున్నర అంగుళముల స్పంజును, పాత్రకు అంటించిన కాగితములు నాలుగింటిని, పాత్రంతట పులిమిన ప్లంబరు మసిని తుడిచిపెట్టుకొనిపోయి స్వర్ణపతకము గెలిచినది. ఆ మసి పైని చెప్పిన అతుకుల మసియే. జెన్నింగ్స్ అప్పటికి రెండేండ్ల క్రిందటనే గతించెను.

రెండుగ్యాలన్లు, అనగా తొమ్మిది లీటర్లు, అను లెక్క దేవుడిచ్చినది గాదు, నీటికంపెనీలు పెట్టినది. పాత కవాటపు పాయిఖానాల పిడికి గృహస్థులు దారము కట్టి పైకెత్తియుంచి రోజంత నీరు పారించుచుండిరి. 1870ల నియమములు దానిని కట్టడిచేసి, ప్రత్యేకముగా ఒక తొట్టి పెట్టి, దానినుండి మాత్రమే నీరు వదలవలెనన్నవి. ఆ తొట్టిలో కవాటము లేదు. గొలుసు లాగినప్పుడు లోపలి గంటాకారపు మూత గాని ముషలకము గాని లేచి కొంతనీటిని సైఫను వంపు మీదుగా త్రోయును; త్రోసినతోడనే మిగిలినదంతయు దానివెంటనే క్రిందికి లాగబడి, తొట్టి ఖాళీయై, గాలి చొచ్చి, తానంతట తానే ఆగును. అరుగు రబ్బరు లేదు, రాత్రంత కారు గొడవ లేదు. మన రైల్వే బంగళాలలో గొలుసు లాగి, భళ్ళున దిగు నీటిచప్పుడునకు ఉలికిపడినవారికి ఈ తొట్టి పరిచితమే. బ్రిటనున కొత్త ఇండ్లలో కవాటపుతొట్టికి 2001 వరకు అనుమతి లేదనిన, ఆ పాతయంత్రము ఎంత నమ్మకమైనదో గ్రహింపవచ్చును. దీనిని థామస్ క్రాపర్ కనిపెట్టెనని లోకము వాడుక. అది నిజము గాదు. క్రాపర్ (1836-1910) చెల్సియాలో మంచి వర్తకుడు, మంచి ప్లంబరు, రాజకుటుంబమునకు పనిచేసినవాడు. కాని నిశ్శబ్దముగా పనిచేయు కవాటరహితమైన తొట్టికి 1898లో పేటెంటు పుచ్చుకొన్నవాడు ఆల్బర్టు గిబ్లిన్. 1969లో వాలెస్ రేబర్ను వ్రాసిన సరదాపుస్తక మొకటి క్రాపరునకు లేని కీర్తి కట్టబెట్టినది. జెన్నింగ్స్ పేరు నూటికి ఒకరికైనను తెలియదు.

ఇట్టి వస్తువులను పాతయిండ్లు కూల్చునప్పుడు దక్కించుకొని తిరిగి వాడుకలోనికి తెచ్చు పనివారు నేడు ఆ దేశమున ఉన్నారు. వారి ఓర్పు మెచ్చదగినది. పాత్రలో పేరుకొన్న సున్నపుగారను ఉలితో కొట్టిన గాజుపూత లేచిపోవును. బలహీనమైన ఆమ్లమును పోసి, రోజులకొలది ఉంచి, కొద్దికొద్దిగా కరగింపవలెను. పూతక్రింది నీలిపూలకు భయము లేదు గాని పూతపైన వేసిన బంగారుగీత ఉన్నచో ఆమ్లమువలన అది చెడవచ్చును. గాజుపై సన్నని జాలి పగుళ్ళు పడి మురికి లోపలికి ఇంకినచో దానిని పూర్తిగా తీయుట దుర్లభము. ఆ మచ్చను మచ్చగా ఉంచుటయే మర్యాద. వంపుభాగమున పగులున్న పాత్రను జిగురుతో అతికి మరల నీరు పోయరాదు. అట్టివానిని మరల కాల్చుటకును వీలులేదు, అవి చూచుటకే. ఇనుపతొట్టి లోపలి త్రుప్పును గీకి రంగు వేసినచో చక్కగా పనిచేయును. ముషలకపు తోలుబిళ్ళను కొత్తతోలుతో కత్తిరించి, కొవ్వులో నానబెట్టి వేయుదురు. అంగుళముల కొలతతో చేసిన పాత పాత్రమూతికిని నేటి మిల్లీమీటర్ల గొట్టమునకును పొత్తు కుదరదు గనుక నడుమ రబ్బరు కంఠము వేయక తప్పదు. నాటి సీసపు అతుకును అచట మరల చేయించుట కోరిక గాని అవసరము గాదు. త్రాగునీటి గొట్టములకు సీసము నేడు నిషిద్ధము. అయినను చర్చిల కప్పులపై సీసపురేకు వేయువారు ఆ తుడుపును ఇంకను ఎరుగుదురు. బాగుచేయువాడు వారి కడకు పోయి నేర్చుకొనవలెను.

ఈ వస్తువులను కొని, తోటలో పూలమొక్కలు నాటుకొనువారిని చూచినచో నాకు సానుభూతి కలుగదు. నీరు పోయు సామర్థ్యముతో పుట్టిన దానికి మన్ను పోయుట ఎటువంటి గౌరవము? పగిలినది సరే, పగులనిది పనిచేయవలెను. లివర్పూలులో హోప్ వీథియందు 1900 ప్రాంతమున కట్టిన ఫిల్హార్మోనిక్ భోజనశాలలోని గులాబిరంగు మూత్రపాత్రలు నేటికిని వాడుకలోనే యున్నవి. 2020లో ఆ భవనమును మొదటిశ్రేణి రక్షితకట్టడముగా ప్రకటించిరి. అట్టి గౌరవము దక్కించుకొన్న పానశాలలు చాల అరుదు.

అన్నిటికంటె పూర్తిగా నిలిచినది స్కాట్లండున బ్యూట్ ద్వీపమందలి రోత్సే రేవున నున్నది. గ్లాస్గో కార్మికులు వేసవిసెలవులలో ఆవిరిపడవలపై ఈ ద్వీపమునకు వేలకొలది వచ్చెడివారు. దిగినతోడనే కావలసిన దేమో తెలిసిన రేవుసంఘమువారు 1899లో 530 పౌన్లు ఖర్చుపెట్టి ట్వైఫర్డు సంస్థచే పురుషుల శౌచశాల కట్టించిరి. తెల్లని గాజుపూత గల మూత్రపాత్రలు పదునాలుగు గోడల వెంబడి, ఆరు నడుమ స్తంభము చుట్టు, పైన ముదురాకుపచ్చ పాలరాతిని అనుకరించిన అంచులు, వెలుగువచ్చుటకు గాజుప్రక్కలు గల నీటితొట్లు, తళతళలాడు రాగిగొట్టములు, నేలపై చిన్నచిన్న పలకలతో పొదిగిన పురచిహ్నము. పర్యాటకులు తగ్గి పాడుపడిన దానిని 1994లో స్ట్రాత్‌క్లైడ్ భవనసంరక్షణ సంస్థవారు బాగుచేసిరి.

ఇంతటి వైభవములో స్త్రీలకు చోటులేదు. ఇది రోత్సేవారి ఒక్కరి దోషము గాదు. 1900లో లండను కామ్డెన్ టౌనున స్త్రీలకొరకు శౌచశాల కట్టుదమని జార్జి బెర్నార్డు షా పురసభలో పట్టుపట్టెను. స్థలమును చూపుటకు వీథిలో కొయ్యనమూనా నిలిపినంతనే, అది రాకపోకలకు అడ్డమని నిరూపించు కోరికతో బండ్లవారు కావలెననియే దానిని ఢీకొట్టిరి. అయిదేండ్లవరకు ఆ పని సాగనీయలేదు. 1851లో పెన్నీ చెల్లించినవారిలో స్త్రీలును కలరను సంగతిని అందరును మరచిరి. రోత్సేలో స్త్రీలకు గదులు ఏర్పడినది 1994 మరమ్మతుల సమయముననే, వెనుకటి సామానుకొట్టును సవరించి. ఇప్పుడు లోపల ఎవ్వరును లేని సమయము చూచి, కాపలాదారు అనుమతితో, స్త్రీలు పురుషుల వైపునకు పోయి ఆ రాగిగొట్టములను చూచి వచ్చుచున్నారు.